కర్ఫ్యూ పడితే బస్తీ ఏం చేయాలి

హైదరాబాద్ పాతబస్తీలో యాభై దాటిన వాళ్ళకు కర్ఫ్యూ అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. 1978, 1990 డిసెంబరు, 2010 మార్చి చివరి రోజులు వాళ్ళకింకా గుర్తే. అదే ఊళ్ళో, అదే రాత్రి, ఒక గల్లీలో రాళ్ళు పడితే పక్క గల్లీలో ఒకరి పిల్లలను ఇంకొకరు తమ ఇంట్లో పడుకోబెట్టుకున్నారు. రెండో గల్లీ వాళ్ళు పుట్టుకతో మంచివాళ్ళేమీ కారు. చాలాసార్లు అక్కడ ముందే ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది. ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉంటుంది, ఎవరి మాట వింటారో తెలిసి ఉంటుంది. 60 నుంచి 100 ఇళ్ళున్న, రెండు మతాల వాళ్ళూ కలిసి బతికే బస్తీకి అలాంటి ఏర్పాటు ఎలా చేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాం.

ముందు కావలసింది నలుగురు మనుషులు, ఒక నోట్‌బుక్

కమిటీ అనగానే పాతికమంది పేర్లతో బ్యానర్ కట్టేస్తారు. అక్కర్లేదు. నలుగురు చాలు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, నలుగురిలో కనీసం ఒక ఆడమనిషి. నలుగురే ఎందుకంటే, నిషేధాజ్ఞల్లో సాధారణంగా ఐదుగురు, అంతకు మించి గుమిగూడవద్దంటారు. జనం ఇప్పటికీ 144 సెక్షన్ అంటారు గానీ, 2024 జులై 1 నుంచి అది కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్. 144 వేరు, కర్ఫ్యూ వేరు. 144 పెడితే గుంపు కట్టకూడదు. కర్ఫ్యూ పెడితే అసలు గడప దాటకూడదు. ఈ తేడా తెలియక పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చి లాఠీ దెబ్బ తిన్నవాళ్ళు బోలెడుమంది.

ఎవరిని ఎంచుకోవాలి? లీడర్లను వద్దు. పార్టీ మనిషి ఎంత మంచివాడైనా, ఆ రాత్రి అతని ఫోన్‌కు వచ్చే మాటలు వేరుగా ఉంటాయి. కిరాణా కొట్టాయన, అంగన్‌వాడీ టీచర్, ఆశా వర్కర్, టైలర్, మెకానిక్, ట్యూషన్ చెప్పే అమ్మాయి లాంటి వాళ్ళు కావాలి. రోజూ పది ఇళ్ళ తలుపు తట్టే పని ఉన్నవాళ్ళే సరైనవాళ్ళు.

మామూలు రోజుల్లో ఈ నలుగురూ నెలకొకసారి కూర్చోవాలి. కూర్చుని శాంతి గురించి మాట్లాడితే మూడో నెలకు ఎవరూ రారు. డ్రైనేజీ గురించి, నల్లా నీళ్ళ గురించి, వీధి లైటు గురించి మాట్లాడుకోవాలి. మహారాష్ట్రలోని భివండిలో 1984లో ఘోరమైన అల్లర్లు జరిగాయి. తర్వాత 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే అక్కడ మొహల్లా కమిటీలు పెట్టించి, రెండు వర్గాల మామూలు జనాన్ని పోలీసులతో పాటు క్రమం తప్పకుండా కూర్చోబెట్టాడు. 1992 డిసెంబరు, 1993 జనవరిలో పక్కనే ముంబై తగలబడుతుంటే భివండి చెక్కుచెదరలేదు. పండగల తేదీల సంగతీ ఇలాంటి చోటే తేలుతుంది. 2023 సెప్టెంబరు 28న గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఒకే రోజు వస్తే, హైదరాబాద్‌లో మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. అలాంటి మార్పు ఆ వారం పుట్టే కోపంలో కుదరదు. మాట్లాడుకునే అలవాటు ముందే ఉండాలి.

నోట్‌బుక్ కాగితందే ఉండాలి. గొడవ ముదిరితే ముందు పోయేది ఇంటర్‌నెట్టే. వాట్సాప్‌లో దాచుకున్న లిస్టు అప్పుడు అక్కరకు రాదు. నోట్‌బుక్‌లో ఇంటింటికీ ఒక వరుస: ఇంట్లో ఎంతమంది, ఐదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణి ఉంటే డెలివరీ తేదీ, షుగర్, ఫిట్స్, డయాలసిస్, టీబీ మందులు వాడేవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, రోజు కూలీలు, రక్తం గ్రూపు. మతం కాలమ్ పెట్టొద్దు. పేరు చూస్తే ఎలాగూ తెలుస్తుంది. కానీ ఆ కాలమ్ ఉన్న కాగితం తప్పుడు చేతుల్లో పడితే అది ఇళ్ళ మీదికి పంపే లిస్టు అవుతుంది. అందుకే రెండు కాపీలే తీయాలి, ఇటొకటి అటొకటి. ఫొటో తీయనివ్వకూడదు.

మొదటి ఆరు గంటలు

గొడవ ఎక్కడో మొదలైందని తెలియగానే నలుగురూ చేయాల్సిన పనులు వరుసగా ఇవి.

ముందు పిల్లలు. స్కూల్లో, ట్యూషన్లో, మదర్సాలో ఎవరున్నారో లెక్క తీసి, ఎటువైపు పిల్లలైనా సరే ఇద్దరు పెద్దలు జోడీగా వెళ్ళి తేవాలి. జోడీ అంటే ఇటొకరు, అటొకరు. ఈ జోడీ సూత్రం మిగతా పనులన్నిటికీ వర్తిస్తుంది. 1947 ఆగస్టులో కలకత్తా బెలియాఘాటాలోని హైదరీ మంజిల్‌లో దిగినప్పుడు గాంధీ కూడా ముస్లిం లీగ్ నాయకుడు సుహ్రావర్దీ తనతో పాటు అదే ఇంట్లో ఉండాలని పట్టుబట్టాడు. ఒక్కడే వెళ్తే ఒక వైపు మనిషి. ఇద్దరూ కలిసి వెళ్తే బస్తీ మనుషులు.

తర్వాత డాబాలు. ప్రతి మిద్దె మీదికీ ఎక్కి చూడాలి. కట్టడానికి తెచ్చిన ఇటుక ముక్కలు, కంకర, ఖాళీ సీసాలు, పాత కిరోసిన్ డబ్బాలు కిందికి దించి ఒక గదిలో పెట్టి తాళం వేయాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. పదిహేడేళ్ళ కుర్రాడికి రాత్రి పదకొండుకు చేతికందే దూరంలో రాయి కనబడకపోతే సగం ప్రమాదం తప్పినట్టే. పైగా తర్వాత సోదా జరిగితే, ఇల్లు కట్టుకోవడానికి తెచ్చిన ఇటుకలే కేసులో సాక్ష్యమవుతాయి.

ఆ తర్వాత స్టేషన్‌కు ఫోన్. నలుగురి పేర్లు, నంబర్లు స్టేషన్ ఇన్‌చార్జి ఎస్‌హెచ్‌ఓకు చెప్పాలి. రోగుల కోసం, వంట కోసం పాసులు అడగాలి. ఆధార్, ఆస్పత్రి చీటీ ఉంటే పని తొందరగా అవుతుంది. పరీక్షలున్న పిల్లల హాల్‌టికెట్‌నే సాధారణంగా పాస్‌గా ఒప్పుకుంటారు. అయినా ముందే అడిగి ఖాయం చేసుకోవడం మంచిది.

గస్తీ విషయంలో ఉత్సాహం ఎక్కువ, తెలివి తక్కువ. కర్రలు పట్టుకుని గల్లీ మొదట్లో కూర్చుంటే, అటు గల్లీ వాళ్ళకు మీరు కాపలాదారుల్లా కనబడరు, దాడికొచ్చే గుంపులా కనబడతారు. ఎవరి గడపలో వాళ్ళు, టార్చి, విజిల్, అంతే. కర్రలొద్దు. రెండు గంటలకొకరు మారాలి.

పుకారు వచ్చినప్పుడు

కర్ఫ్యూలో ప్రాణాలు తీసేది చాలాసార్లు మాటే. ఏళ్ళ తరబడి అవే మూడు నాలుగు పుకార్లు తిరుగుతుంటాయి: నీళ్ళ ట్యాంకులో విషం కలిపారు, పాలలో ఏదో కలిపారు, ఈ రాత్రి లారీల్లో మనుషులు దిగుతున్నారు, ఫలానా చోట మన ఆడపిల్లను ఏదో చేశారు. చివరిదే అన్నిటికంటే ప్రమాదం. అడగడానికి కూడా జనం సిగ్గుపడతారు, అందుకే ఎవరూ సరిచూడరు.

నోట్‌బుక్ వెనక పేజీల్లో పుకార్ల పట్టిక పెట్టండి. ఎవరైనా పరిగెత్తుకొచ్చి చెబితే కోప్పడకుండా కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మూడు ప్రశ్నలు అడగాలి. నువ్వు కళ్ళారా చూశావా, విన్నావా? విన్నది ఎవరి నోట? ఎక్కడ, ఎన్ని గంటలకు? జవాబులు అతని ఎదుటే రాయాలి. సగం పుకార్లు రాసేటప్పుడే చచ్చిపోతాయి. పెన్ను చూడగానే "ఏమో, అందరూ అంటుండ్రు" అంటాడు.

మిగిలిన సగానికి అటువైపు మనిషికి ఫోన్. ఆ ఫోన్ ఇలా ఉండాలి:

"అన్నా, మీ దిక్కు పొగ కనిపిస్తుందంటున్నరు. ఏంది సంగతి?"

"చెత్తకుండీ అంటుకుంది భాయ్. నీళ్ళు పోసినం. నేనే పోయి చూసొచ్చిన."

"మంచిది. మా మస్జిద్ కాడ గుంపు ఉందని మీకేమన్న చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు."

"నమాజ్ అయిపోయి ఇంటికి పోతుండ్రు. పదిమంది కూడ లేరు."

చూశారా, ఇటు సంగతి అడిగి ఊరుకోలేదు, అటు తిరిగే పుకారునూ అదే ఫోన్‌లో దించేశారు. ఫోన్లు కూడా బంద్ అయితే కలుసుకునే చోటు, వేళ ముందే అనుకుని ఉండాలి. పోలీసులు నిలబడే చౌరస్తా అయితే మేలు.

తేలిన నిజాన్ని అందరికీ చెప్పడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. "నీళ్ళలో విషం కలిపారన్నది అబద్ధం" అని మైకులో చెబితే, సగం విన్నవాడికి నీళ్ళు, విషం అన్న రెండు మాటలే మిగులుతాయి. నిజాన్ని మాత్రమే చెప్పాలి: "జలమండలి లైన్‌మన్ ఇప్పుడే వచ్చి చూశాడు. నల్లా నీళ్ళు బాగున్నాయి. మేం నలుగురం తాగాం." పోలీసులను అడిగి, ఇదే వాక్యం అదే వేళకు గుడి మైకులోనూ, మస్జిద్ మైకులోనూ చదివించాలి. రెండు చోట్లా ఒక్క అక్షరం తేడా ఉండకూడదు. వీడియోను ఖండించడానికైనా సరే, ఆ వీడియో ముందుకు పంపొద్దు.

మాట్లాడేటప్పుడు "వాళ్ళు" అన్న మాటను నలుగురూ మానేయాలి. చిన్న విషయంలా ఉంటుంది, చేసి చూస్తే కష్టం తెలుస్తుంది. "వాళ్ళు రాళ్ళేశారు" అనే బదులు "ఫలానా గల్లీ చివర ఎనిమిది మంది పిల్లలు రాళ్ళేశారు" అనాలి. చాచా, ఖాలా, అన్నా, వదినా అని ఇన్నేళ్ళూ పిలిచిన పిలుపులను ఆ పది రోజులు ఇంకాస్త గట్టిగానే పిలవాలి.

దేగ్ పొయ్యి మీద పెట్టడం

కర్ఫ్యూ మూడో రోజుకు రోజు కూలీ ఇంట్లో పొయ్యి ఆరుతుంది. అడ్డా మీద నిలబడితేనే ఆ పూట బియ్యం. అందుకని రెండో రోజు సాయంత్రానికే ఉమ్మడి వంట మొదలవ్వాలి. ఫంక్షన్ హాల్లోనో, స్కూలు ఆవరణలోనో, స్టేషన్‌లో చెప్పి.

కిచిడీ వండండి. బిర్యానీ వద్దు, మాంసం అసలే వద్దు. మాంసమైతే ఎవరు కోశారు, దేనిది అన్న ప్రశ్న లేస్తుంది. కిచిడీ, ఖట్టా (చింతపండు పులుసు) హైదరాబాద్‌లో అందరి ఇళ్ళలోనూ తినేదే. ముసలివాళ్ళూ, రెండేళ్ళ పిల్లలూ తినగలరు.

100 మందికి ఒక పూట: బియ్యం 9 కిలోలు, మసూర్ పప్పు లేదా పెసరపప్పు 3 కిలోలు, ఉల్లిగడ్డ 4 కిలోలు, ఆలుగడ్డ 5 కిలోలు, నూనె లీటరు, ఉప్పు 400 గ్రాములు, పసుపు 50 గ్రాములు, జీలకర్ర 100 గ్రాములు, అల్లం పావు కిలో. ఖట్టాకు చింతపండు కిలో. 80 లీటర్ల దేగ్ కావాలి. బియ్యం, పప్పు అరగంట నానబెట్టి, తాలింపులో ఉల్లి, ఆలు వేగాక 36 లీటర్ల మరిగే నీళ్ళు పోసి వేయాలి. ఇంకో 6 లీటర్లు పక్క పొయ్యి మీద కాగుతూనే ఉండాలి. చల్లనీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోయి పైన ముద్ద, అడుగున మాడు. పెద్ద దేగ్‌తో వచ్చే చిక్కు అడుగంటడమే. ఉడుకు పట్టగానే మంట తగ్గించి, పొడుగు చెక్క తెడ్డుతో ఐదు నిమిషాలకోసారి అడుగు దాకా తిప్పాలి. మాడు వాసన వచ్చిందా, ఇక తిప్పొద్దు, గీకొద్దు, పైది వేరే గిన్నెలోకి తోడెయ్యండి.

వండింది రెండు గంటల్లో పంచేయాలి. ఎండాకాలం మూత పెట్టిన దేగ్‌లో సాయంత్రం దాకా ఉంచితే పులుస్తుంది. ఆ రోజుల్లో ఇద్దరు పిల్లలకు వాంతులైతే, దాన్ని ఎవరూ పులిసిన అన్నం అనుకోరు. విషం అనే అంటారు.

ఈ వంటగదిలో ఉప్పు కంటే ముఖ్యమైనది ఇదే: కూరగాయలు తరిగేచోట, తెడ్డు దగ్గర, వడ్డించేచోట ప్రతిసారీ జోడీ ఉండాలి. వండినవాళ్ళు అందరి ఎదుటే మొదటి పళ్ళెం తినాలి. రంజాన్ అయితే ఒక దేగ్ ఇఫ్తార్ వేళకు, ఇంకొకటి సహర్ కోసం తెల్లవారక ముందే. ఏకాదశి, శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళకు అరటిపళ్ళు, పాలు పక్కన తీసి ఉంచాలి. లెక్కపద్దు రోజూ రాత్రి రాసి రెండు గేట్ల మీదా అంటించాలి. డబ్బు మాట దాచిన చోట మనసు విరగడానికి ఒక్క పూట చాలు.

లైన్లో నిలబెట్టి వడ్డించడం కంటే డబ్బాల్లో ఇళ్ళకు పంపడం మేలు. చేయి చాపడం అలవాటు లేని ఇల్లు లైన్‌లోకి రాదు, పస్తుంటుంది.

ఏది ఆగినా ఆగకూడని మందులు

కర్ఫ్యూ సడలింపు రెండు గంటలే ఉండొచ్చు. ఆ రెండు గంటల్లో ఏది ముందు? ఫిట్స్ మందు, ఇన్సులిన్, గుండె మందులు, టీబీ మందులు, తర్వాత పాలు, ఆ తర్వాత బియ్యం. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పదిళ్ళ చీటీలు కలిపి ఒకరే మెడికల్ షాపుకు వెళ్ళాలి. పదిమందీ వెళ్తే సడలింపు లైన్లోనే అయిపోతుంది.

ఇన్సులిన్: తెరిచిన వయల్ ఎండ తగలని చల్లని చోట సాధారణంగా 28 రోజులు ఆగుతుంది. తెరవనివి ఫ్రిజ్‌లో ఉండాలి. కరెంటు పోతే రెండు మట్టి కుండల ఉపాయం: పెద్ద కుండలో తడి ఇసుక, ఇసుకలో చిన్న కుండ, అందులో ప్లాస్టిక్ సంచిలో కట్టిన వయల్, పైన తడిగుడ్డ. రోజుకు రెండుసార్లు ఇసుక తడపాలి. ఐసు మీద నేరుగా పెడితే గడ్డకట్టి పాడవుతుంది, మళ్ళీ కరిగినా పనికిరాదు.

డయాలసిస్ వాళ్ళను వారానికి రెండు మూడుసార్లు తీసుకెళ్ళాల్సిందే. ఆస్పత్రి అటువైపు ఉందని భయపడి మానేస్తే, రోడ్డు మీది గుంపు ముట్టకుండానే మనిషి పోతాడు. 108 వచ్చేలోపు జోడీ గేటు దగ్గర సిద్ధంగా ఉండాలి, ఆ ఇద్దరూ ఆస్పత్రి దాకా వెళ్ళాలి. బాలింతలకు భయంతో పాలు ఎండిపోతాయని ముసలమ్మలు డబ్బా పాలు పట్టించేస్తారు. భయం వల్ల పాలు దిగడం ఆలస్యమవుతుంది, అంతే. బిడ్డను పట్టిస్తూ ఉంటే వస్తాయి.

భయం దిగడానికి

ఇల్లు కాలినవాళ్ళను, మనిషిని పోగొట్టుకున్నవాళ్ళను కూర్చోబెట్టి "ఏం జరిగిందో మొత్తం చెప్పు, గుండె బరువు దిగుతుంది" అనడం మనవాళ్ళ అలవాటు. అలా బలవంతంగా చెప్పించడం మేలు చేయదని వైద్యులు ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నారు. పక్కన కూర్చోండి. చెబితే వినండి, చెప్పకపోతే చాయ్ ఇవ్వండి. వాళ్ళకు ఆ క్షణం కావాల్సింది ఏమిటో అడగండి. తరచూ అది చిన్నదే: చెప్పులు, కళ్ళజోడు, ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఒక ఫోన్.

చేతులు వణుకుతున్న మనిషికి నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమని చెప్పి, మీరూ పక్కన అలాగే చేయండి. ఐదు నిమిషాలు చాలు. టీవీ రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున. రోజంతా అదే మంట చూస్తూ కూర్చున్న ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

పిల్లలకు వేళాపాళా ముఖ్యం. ఉదయం రెండు గంటలు ఎవరి మిద్దె మీదైనా లెక్కలు, బొమ్మలు, అష్టాచెమ్మా. ఆరేళ్ళ పిల్ల పక్క తడిపితే తిట్టొద్దు, రోజులు కుదుటపడితే సాధారణంగా అదే పోతుంది. దొంగ పోలీసు ఆటలో మంటలు పెట్టడం ఆడుకుంటే ఆపొద్దు, చివర్లో ఫైరింజన్ వచ్చేలా చూడండి.

పదహారు నుంచి పాతికేళ్ళ కుర్రాళ్ళు అన్నిటికంటే కష్టమైన లెక్క. నీతులు చెబితే వినరు. పని చెబితే చేస్తారు: నీళ్ళ క్యాన్లు మోయడం, డబ్బాలు పంచడం, ముసలివాళ్ళ ఫోన్లు చార్జింగ్ పెట్టడం. ప్రతి పనీ జోడీగానే. ఒకే వైపు నలుగురిని కలిపి పంపితే, తిరిగొచ్చేటప్పటికి వాళ్ళు గ్యాంగు.

నలుగురు కమిటీ వాళ్ళూ మనుషులే. ఆరు గంటల షిఫ్టు, తర్వాత నిద్ర. మూడో రోజు రాత్రి నిద్ర లేనివాడు చేసే ఫోన్‌లో గొంతు మారిపోతుంది, అవతలివాడు దాన్ని బెదిరింపు అనుకుంటాడు. ఎవరైనా నాలుగు రోజులుగా నిద్ర, తిండి మానేసి చావు మాటలు మాట్లాడుతుంటే టెలీ మానస్ నంబర్ 14416. తెలుగులోనూ మాట్లాడతారు.

ఎత్తేసిన తర్వాత

కాలిన షాపు ఊడ్చే ముందు ఫొటోలు తీయండి: నాలుగు గోడలు, పైకప్పు, ప్రతి మెషీన్ నంబర్ ప్లేటు, బయటి బోర్డు. తర్వాత ఎఫ్‌ఐఆర్. ఏ స్టేషన్ పరిధి అని తిప్పి పంపితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునేది. కొత్త చట్టం 173వ సెక్షన్‌లో ఉంది. సంతకం చేసే ముందు చదివించుకోండి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. రెవెన్యూ వాళ్ళ పంచనామాలో సరుకు, మెషీన్లు, గల్లాపెట్టె విడివిడిగా రాయించాలి. "సామాను కాలినది" అని ఒక్క ముక్కలో రాస్తే పరిహారమూ ఒక్క ముక్కలోనే వస్తుంది. షాపుకు ఫైర్ పాలసీ ఉంటే అందులో అల్లర్ల నష్టం కూడా కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఊడ్చకముందే కంపెనీకి చెప్పండి.

శాంతి ర్యాలీకి తొందరపడొద్దు. మొదటి వారం చేయాల్సింది, ఇటువాళ్ళు అటు టైలర్ దగ్గరికి, అటువాళ్ళు ఇటు హోటల్‌కు మామూలుగా వెళ్ళడం. మొదటి రోజు ఎవరూ రారు, అందరూ చూస్తారు. కమిటీలో ఒకరు బట్టల సంచి పట్టుకుని పట్టపగలు, జనం చూస్తుండగా వెళ్ళాలి. జాకెట్టు కొలతలు ఇచ్చి, అక్కడే కూర్చుని చాయ్ తాగి రావాలి. చావు జరిగిన ఇంటికి మాత్రం ఆ వారం దాకా ఆగొద్దు. రెండు వైపులవాళ్ళూ కలిసే వెళ్ళండి. ఆ ఇంటివాళ్ళు ముఖం తిప్పుకుంటే గడప దగ్గరే కాసేపు నిలబడి వచ్చేయండి, మూడో రోజు మళ్ళీ వెళ్ళండి.

అద్దె దేగ్ కడిగి ఇచ్చేయాలి, మిగిలిన బియ్యం లెక్క గేటు మీద అంటించాలి. నోట్‌బుక్‌లో పుకార్ల పేజీలు చించేయకండి. వచ్చే నెల డ్రైనేజీ మీటింగ్‌లో, మారిన ఫోన్ నంబర్లు దిద్దుకునేటప్పుడు, ఆ పేజీలు నలుగురూ కలిసి ఒకసారి చదవాలి.